ఒంటికంటి చిత్రకారుడు కోంతే, ఆయన పెన్సిలు

జూన్ నెలలో బడులు తెరిచేసరికి మన నర్సీపట్నం అబీద్ సెంటరు చుట్టుపక్కల పుస్తకాల షాపుల్లో రంగు పెన్సిళ్ళ పెట్టె కొనని తల్లిదండ్రులు తక్కువ. పన్నెండు రంగులది చాలంటాం మనం, ఇరవైనాలుగు రంగులది కావాలంటారు పిల్లలు. చివరికి వాళ్ళదే గెలుపు. ఆ పెట్టె వెనుక ఒక మనిషి జీవితం ఉందని మాత్రం నాకు చాలా కాలం తెలియదు.

తెలియడానికి కారణం మా చెల్లెలి కూతురు. తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో అది వాళ్ళ నానాగారి బొమ్మ, అంటే మా నాన్నగారి బొమ్మ, వేయడానికి కూర్చుంది. మా నాన్నగారికి ఫొటో దిగడమంటే గిట్టేది కాదు. ఆయన పోయాక మాకు మిగిలిందల్లా ఒక గుర్తింపు కార్డు మీది గోరంత బొమ్మ. పిల్ల దానిని ముందు పెట్టుకుని, నల్ల పెన్సిలు గట్టిగా నొక్కి గెడ్డం నింపేసింది. బుగ్గల నీడకి కూడా నలుపే వేసి, దాని మీద గులాబీ రంగు రుద్దింది. రంగు పట్టలేదు, జారిపోయింది. ముఖమంతా బురద అయింది. ఎందుకిలా అయింది మామూ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అసలు పెన్సిలు లోపల ఏముంటుందో కూడా నాకు సరిగ్గా తెలియదని అప్పుడు అర్థమైంది. అది తెలుసుకోబోయి పట్టుకున్న మనిషే నికొలా జాక్ కోంతే. బొమ్మల సామాను అమ్మే షాపుల్లో కాంటీ, కాంటే అని పిలిచే సుద్దకడ్డీలకి ఈయన పేరే పెట్టారు.

కోంతే 1755 ఆగస్టు 4న ఫ్రాన్సు దేశంలో, నార్మండీ ప్రాంతంలో సేయెస్ అనే చిన్న పట్టణం దగ్గరి పల్లెలో పుట్టాడు. తోటపని, సేద్యం చేసుకునే కుటుంబం. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఒక చాకు తప్ప ఇంకో పనిముట్టు లేకుండా పసితనంలోనే ఫిడేలు చెక్కాడని ఆయన జీవితం రాసిన వాళ్ళు చెబుతారు. పేరున్న వాళ్ళ బాల్యం గురించి ఇలాంటి కథలు పుడుతూనే ఉంటాయి గనుక దీనిని ఎంతవరకు నమ్మాలో పాఠకుల ఇష్టం. కానీ తరువాతది మాత్రం గట్టి సంగతే. సేయెస్ పట్టణంలో క్రైస్తవ సన్యాసినులు నడిపే ఆసుపత్రి ఒకటి ఉండేది. ఈ కుర్రవాడు అక్కడి తోటలో పనికి కుదిరాడు. ఆసుపత్రి ప్రార్థనాలయంలో బొమ్మలు వేస్తున్న చిత్రకారుడు జబ్బు పడితే, సగంలో ఆగిన పని ఈ పద్నాలుగేళ్ళ వాడు అందుకుని పూర్తి చేశాడు. తోటమాలి కుర్రాడు కాస్తా చిత్రకారుడయ్యాడు.

అక్కడి నుంచి ఆయన బతుకుతెరువు ముఖాలు గీయడమే. మన ఊళ్ళల్లో ఫొటో స్టూడియో వచ్చిన కొత్తలో పెళ్ళికీ పండక్కీ జనం ఎలా వెళ్ళేవారో, ఆ రోజుల్లో కాస్త ఉన్న కుటుంబాల వాళ్ళు చిత్రకారుడి ఎదుట అలా కూర్చునేవారు. నార్మండీలో పెద్దల ముఖాలు గీసి నాలుగు డబ్బులు చేసుకుని, పారిస్ చేరాడు. అక్కడ గ్రోజ్ అనే ప్రసిద్ధ చిత్రకారుడి దగ్గర మెళకువలు నేర్చాడు. పగలు బొమ్మలు గీస్తూనే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, యంత్రాల పని చదువుకున్నాడు. ఈ రెండు పిచ్చులూ ఒకే మనిషిలో కలవడం వల్లనే పెన్సిలు పుట్టింది. వట్టి చిత్రకారుడైతే పెన్సిలు దొరకలేదని బాధపడి ఊరుకునేవాడు, వట్టి శాస్త్రజ్ఞుడికైతే దాని బాధే తెలియదు.

ఇక్కడ పెన్సిలు సంగతి కొంచెం చెప్పాలి. పెన్సిలు లోపలి నల్లని పుల్లని మనం సీసం అంటాం గాని అందులో సీసం రవ్వంతైనా లేదు. అది గ్రాఫైటు, బొగ్గుకీ వజ్రానికీ చుట్టం. పదహారో శతాబ్దంలో ఇంగ్లండులోని కంబర్లండ్ కొండల్లో బారోడేల్ అనే చోట స్వచ్ఛమైన గ్రాఫైటు గడ్డలు గడ్డలుగా బయటపడింది. కోసి సన్నని పుల్లలు చేసి చెక్కల మధ్య పెడితే చాలు, పెన్సిలు తయారు. ఫిరంగి గుళ్ళు పోత పోసే అచ్చులకి కూడా ఇదే కావలసి రావడంతో ఆంగ్లేయులు దానిని బంగారంలా కాపలా కాశారు. 1752లో ఆ గని దొంగతనానికి కఠినశిక్ష వేసే చట్టమే చేశారు. తక్కిన దేశాలకి దొరికేది పొడి గ్రాఫైటు, రాళ్ళూ మట్టీ కలిసినది. జర్మనీలో ఆ పొడిని గంధకంతో కలిపి ముద్ద చేసి చూశారు గాని, అది పెళుసు, పైగా కాగితాన్ని గీరేది. ముఖం మీద మెత్తటి నీడ వేయడానికి అది పనికి రాదు.

ఈ గ్రాఫైటు మనకి మరీ దూరపు చుట్టమేమీ కాదు. మన తూర్పు కనుమల్లో ఖొండలైటు అనే రాయి విస్తారంగా ఉంది. కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చింది. ఆ రాతిలో గ్రాఫైటు పొరలు కనిపిస్తాయి. పాత విశాఖపట్నం జిల్లా, తూర్పు గోదావరి జిల్లా రెండూ గ్రాఫైటు దొరికే జిల్లాల పట్టికలోకి ఎక్కినవే. 2022లో మన నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి పోయింది, పై కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయాయి. రాళ్ళు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

సరే, కోంతే దగ్గరికి వద్దాం. 1789లో ఫ్రాన్సులో విప్లవం వచ్చింది. 1793లో ఇంగ్లండుతో యుద్ధం మొదలైంది. సముద్రం మీద రాకపోకలు ఆగాయి, బారోడేల్ పెన్సిళ్ళూ ఆగాయి. పెన్సిలు లేకపోతే చిత్రకారుడికే కాదు, కోట పటం గీసే ఇంజనీరుకీ, యుద్ధభూమిలో లెక్క రాసుకునే సేనానికీ కూడా పని నడవదు. అప్పటి ప్రభుత్వంలో యుద్ధ వ్యవహారాలు చూసే లాజార్ కార్నో, దేశంలో దొరికే వాటితోనే పెన్సిలు తయారు చేసే దారి చూడమని కోంతేకి అప్పగించాడు.

ఆయన ఎనిమిది రోజుల్లో దారి కనిపెట్టాడని చెబుతారు. నాసిరకం గ్రాఫైటునే మెత్తగా నూరి, కడిగి, మలినం తీసి, ఆ పొడిలో మంచి బంకమట్టి కలిపి, నీళ్ళు పోసి ముద్ద చేశాడు. ముద్దని గాడి చెక్కిన అచ్చుల్లో నొక్కి పుల్లలు తీశాడు. ఆరాక వాటిని మూసిన పాత్రల్లో పెట్టి కొలిమిలో బాగా ఎర్రగా కాల్చాడు. మన కుమ్మరి ఆవంలో కుండ కాలినట్టే పెన్సిలు పుల్ల కాలింది. 1795 జనవరిలో ఆయనకి దీని మీద పేటెంటు వచ్చింది. ఆస్ట్రియాలో హార్ట్‌మూట్ అనే ఆయన కూడా దాదాపు ఆ కాలంలోనే ఇలాంటి పద్ధతి కనిపెట్టాడని ఆ దేశం వాళ్ళు చెప్పుకుంటారు. అదెలా ఉన్నా, ఈనాటికీ రాత పెన్సిలు పుల్ల చేసేది ఈ మట్టి లెక్క మీదే.

కిటుకంతా ఆ మట్టిలోనే ఉంది. మట్టి పాలు ఎక్కువైతే పుల్ల గట్టిపడి గీత సన్నగా, లేతగా వస్తుంది. గ్రాఫైటు పాలు ఎక్కువైతే మెత్తబడి నల్లగా వస్తుంది. బారోడేల్ గడ్డ ప్రకృతి ఇచ్చినట్టే ఉంటుంది, ఒకటే రకం. కోంతే చేతిలో మాత్రం లేతది, మధ్యరకం, ముదురుది కోరినట్టు తయారవుతాయి. వాటికి అంకెలు కూడా వేశాడు. ముఖం గీసే వాడికి ఇది ఎంత వరమో ఆలోచించండి. నుదుటి మీద వెలుగు దగ్గర ఉన్నదీ లేనట్టుండే గీత కావాలి, కణత దగ్గర కొంచెం ముదురు, గెడ్డం కింద ఇంకా ముదురు. ఒకే పుల్లని చేతి బరువు మార్చి మార్చి నొక్కి సాధించవలసినది, ఇప్పుడు నాలుగు పుల్లలు పంచుకుంటాయి.

గ్రాఫైటు ఒక్కటే కాదు, దాని బదులు దీపపు మసి కలిపి కటిక నలుపు కడ్డీలు, మట్టిరంగులు కలిపి ఎరుపు, గోధుమ కడ్డీలు కూడా ఇదే పద్ధతి మీద నడిచాయి. చిత్రకారులు కోంతే కడ్డీలు అనేవి ఇవే. నలుపు, ఎరుపు, తెలుపు ఈ మూడింటితో ముఖాలు గీయడం ఫ్రాన్సులో అంతకు ముందు నుంచే ఉన్న అలవాటు. దానికి తెల్ల కాగితం వాడరు, లేత గోధుమ రంగుదో బూడిద రంగుదో తీసుకుంటారు. కాగితం రంగే చర్మపు నడిమి రంగుగా వదిలేస్తారు. బుగ్గ, పెదవి, చెవి తమ్మె దగ్గర ఎరుపు తాకుతారు. జుట్టుకీ కంటిపాపకీ నలుపు. ముక్కు మీదా, కంటి తడిలోనూ ఒక్క తెల్ల చుక్క. తరువాత వేలితోనో, తోలు ముక్కతోనో, బిగించి చుట్టిన కాగితపు చుట్టతోనో ఒక రంగు అంచుని ఇంకో రంగులోకి లాగుతారు. రంగు కలపడమంటే ఇదే. పెదవి ఎక్కడ ఆగి చర్మం ఎక్కడ మొదలైందో తెలియకూడదు.

ఫ్రాన్సు చిత్రకారుడు జార్జి స్యూరా 1880ల్లో ఈ నల్ల కడ్డీతోనే తన తల్లి బొమ్మ వేశాడు. కాగితం గరుకుది. కడ్డీని పైపైన పోనిస్తే గరుకు గుబ్బలకే నలుపు అంటుతుంది, పల్లాలు తెల్లగా మిగులుతాయి. గీత అన్నదే లేకుండా, చీకట్లోంచి తల్లి ముఖం మెల్లగా బయటికి వచ్చినట్టుంటుంది. వేలు పెట్టి రుద్దకుండా కాగితం చేతనే రంగు కలిపించడమన్నమాట.

మన పిల్లల పెట్టెలోని రంగు పెన్సిలు దీనికి తమ్ముడే గాని, కొంచెం వేరు. అందులో రంగు పొడిని మైనంతోనో నూనెతోనో బిగిస్తారు, కొలిమిలో కాల్చరు. కాల్చితే మైనం కరిగిపోతుంది కదా. చిత్రకారుల స్థాయి రంగు పెన్సిళ్ళు బజారులోకి బాగా వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. జర్మనీ ఫేబర్ కాసిల్ కంపెనీ వారి పాలీక్రోమోస్ పెన్సిళ్ళు 1908లో మొదలయ్యాయి. మైనం ఉండడం వల్లనే మా మేనకోడలి బొమ్మ చెడింది. నలుపుని గట్టిగా నొక్కేసరికి కాగితపు గరుకు అంతా మైనంతో నిండి నున్నబడింది. ఇక దాని మీద ఇంకో రంగు నిలవడానికి చోటేది? ముందు లేత రంగు, అదీ చేతి బరువు మోపకుండా, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు వేసుకుంటూ పోవాలి. పసుపు మీద గులాబీ, దాని మీద లేత గోధుమ, నీడ ఉన్న చోట నలుపు బదులు కాస్త నీలమో ఊదానో. అయిదారు పొరలు పడ్డాక చివరికి తెల్ల పెన్సిలుతో గట్టిగా రుద్దితే కింది రంగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసి చర్మంలా నిగనిగలాడతాయి. నొక్కడం అనేది ఆఖరి పని, మొదటి పని కాదు. ఇది నేను ఒక డ్రాయింగు మాస్టారిని అడిగి తెలుసుకున్నది.

కోంతే జీవితంలో ఇంత మంచి ఘట్టం పక్కనే పెద్ద దెబ్బ ఒకటి ఉంది. ఆ రోజుల్లో హైడ్రోజను వాయువు నింపిన బెలూన్లు ఎక్కి శత్రుసేనని పైనుంచి చూడడం కొత్తగా వచ్చింది. 1794లో ఫ్లూరస్ యుద్ధంలో ఫ్రెంచివారు అలాగే చూశారు. పారిస్ దగ్గర మ్యూదోన్ లో బెలూను పాఠశాల పెట్టి, దాని బాధ్యత కోంతేకి అప్పగించారు. అక్కడ వాయువుతో ప్రయోగం చేస్తుండగా పేలుడు జరిగి ఆయన ఎడమకన్ను పోయింది. ముఖాలు గీసి బతికిన మనిషికి ఒక కన్ను పోవడమంటే మాటలు కాదు. ఒంటికంటికి దేని దూరం ఎంతో చప్పున అందదు. పోయిన కంటి మీద పట్టీ కట్టుకుని మళ్ళీ పనిలోకి దిగాడు. ఇప్పుడు మనకి కనిపించే ఆయన చిత్రపటాల్లో తల చుట్టూ ఆ పట్టీ ఉంటుంది.

ఇక మన పాఠకులకి ఎక్కువ ఆసక్తి కలిగించే భాగానికి వద్దాం. 1798లో నెపోలియన్ బోనపార్టు సైన్యంతో ఈజిప్టు మీదికి దండెత్తాడు. జూలై మొదట్లో అలెగ్జాండ్రియాలో దిగాడు, ఆ నెలాఖరులోపే కైరో తీసుకున్నాడు. ఆంగ్లేయుల హిందూదేశపు దారిని కొట్టాలన్నది అతని ఎత్తు. 1799 జనవరిలో మైసూరు టిపూ సుల్తానుకి కైరో నుంచి ఉత్తరం కూడా రాశాడు, అది దారిలోనే ఆంగ్లేయుల చేతికి చిక్కింది. మే 4న శ్రీరంగపట్నంలో టిపూ అమరుడయ్యాడు. ఈ దండయాత్రలో సైనికులతో పాటు నూట యాభైకి పైగా పండితులు, ఇంజనీర్లు, చిత్రకారులు కూడా వచ్చారు. వాళ్ళల్లో ఒంటికంటి కోంతే ఒకడు.

ఇక్కడ నా కలం కాస్త తడబడుతుంది. పెన్సిలు ఇచ్చినందుకు కోంతేని మెచ్చుకోవాలి. కానీ ఆయన వచ్చింది అడగకుండా ఒకరి ఇంట్లోకి జొరబడిన సైన్యంతో. పన్నులు, సోదాలు, అవమానాలు భరించలేక 1798 అక్టోబరు 21న కైరో జనం తిరగబడ్డారు. ఫ్రెంచివారు కోట మీది నుంచి అల్ అజ్‌హర్ మీద ఫిరంగులు పేల్చారు. వాళ్ళ గుర్రపు దళం ఆ మసీదులోకే జొరబడింది. ఆనాడు కైరోలోనే ఉన్న చరిత్రకారుడు అబ్దుర్రహ్మాన్ అల్ జబర్తీ ఈ సంగతులు ఎంతో దుఃఖంతో రాసి పెట్టాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేసిన తరువాత మన ఏజెన్సీ పల్లెలు ఏం పడ్డాయో పెద్దల నోట విన్న వాళ్ళం గనుక, జబర్తీ దుఃఖం మనకి వేరే చెప్పనక్కరలేదు.

ఆ తిరుగుబాటులోనే జనరల్ కఫరెల్లీ ఇంట్లో పెట్టిన ఫ్రెంచివారి పరికరాలు చాలా వరకు ధ్వంసమయ్యాయి. అంతకు ముందే ఆగస్టులో అబూకీర్ దగ్గర ఆంగ్ల నౌకాధిపతి నెల్సన్ వాళ్ళ ఓడలని తగలబెట్టాడు. ఇటు సామాను లేదు, అటు తెప్పించుకునే దారి లేదు. అప్పుడు కోంతే కైరోలో కర్మాగారాలు పెట్టి, ముందు పనిముట్లు చేసే పనిముట్లు తయారు చేసుకుని, వాటితో తక్కినవన్నీ చేశాడు. నాణేలు ముద్రించే యంత్రాలు, గాలిమరలు, శస్త్రచికిత్స కత్తులు, దూరదర్శినికి కటకాలు, గుడ్డ, కాగితం, చివరికి సైనికుల కత్తులూ బూరలూ. పై ఈజిప్టులో పాత కట్టడాలు గీస్తున్న కుర్ర ఇంజనీర్లకి పెన్సిళ్ళు అయిపోతే, కోంతే పంపేవి అందేలోగా తుపాకి గుళ్ళ సీసం కరిగించి నైలు ఒడ్డు రెల్లుపుల్లల్లో పోసుకుని గీశారట. ఆ ఒక్కసారికి మాత్రం సీసం పెన్సిలు నిజంగా సీసం పెన్సిలయింది!

అన్నీ నెగ్గలేదు. 1798 నవంబరు చివర కైరో జనాన్ని అబ్బురపరచాలని ఎజ్బెకియా మైదానంలో మూడు రంగుల కాగితపు బెలూను ఎగరేశాడు. కాస్త పైకి పోయి కూలింది. పెళ్ళిళ్ళలో నౌకర్లు చేసే గాలిపటాల కన్నా ఇదేమీ గొప్ప కాదని జబర్తీ ఎగతాళిగా రాశాడు. అదే జబర్తీ ఫ్రెంచి పండితుల విడిదికి వెళ్ళి, పుస్తకాలు చూసి, అక్కడి చిత్రకారుడు రిగో వేసిన ముఖాలు చూసి మాత్రం ఆశ్చర్యపోయాడు. బొమ్మలు పటంలోంచి పైకి లేచి నోరు విప్పబోతున్నట్టున్నాయని ఆయన భావం. రిగో గీసినది ఎవరిని అనుకున్నారు? కైరో దివానులోని షేకులని. అల్ అజ్‌హర్ పెద్ద షేక్ అబ్దుల్లా అల్ షర్కావీ కూడా ఆయన ఎదుట కూర్చున్న వారిలో ఉన్నాడు. మన ఇళ్ళల్లో గోడకి మనిషి బొమ్మ తగిలించడం అందరికీ సమ్మతం కాదు, దాని మీద పెద్దల్లో అభిప్రాయ భేదాలు ఉన్నాయి, ఆ చర్చ నా స్తోమతకి మించినది. షర్కావీ గారు ఏ పరిస్థితిలో కూర్చున్నారో కూడా గుర్తుంచుకోవాలి, ఊరు పరాయి సైన్యం చేతిలో ఉంది. ఇవాళ ఆయన ముఖం మనకి తెలిసిందంటే ఆ బొమ్మ వల్లనే.

కోంతే గీసినది షేకులని కాదు. కర్మాగారం పని నుంచి తీరిక దొరికినప్పుడల్లా కైరో వీధుల్లోకి పోయి చేతిపనుల వాళ్ళ ముందు కూర్చున్నాడు. నేతగాడు, కుమ్మరి, చెక్క తరిణె పట్టేవాడు, నూనె గానుగ తిప్పేవాడు. నీటిరంగుల్లో యాభై దాకా వేశాడు. ఆయన స్వయంగా పనివాడు గనుక పనిముట్టు ఎక్కడ పట్టుకున్నాడు, కాలి బొటనవేలితో దేనిని అదిమాడు, ఏ కొయ్య ఏ తాడుతో కట్టి ఉంది అన్నీ ఆ బొమ్మల్లో కనబడతాయి. తరిణె ముందు నేల మీద కూర్చున్న ఆ కైరో పనివాడిని చూస్తే మన ఏటికొప్పాక లక్కబొమ్మల వాళ్ళే గుర్తొస్తారు. వరాహానది ఒడ్డున అంకుడు కర్ర మీద రంగు ఎక్కించే ఆ చేతులు, నైలు ఒడ్డున ఆ చేతులు ఒకటే అనిపిస్తుంది. జయించిన వాళ్ళు జయించబడిన ఊరి పెద్దల బొమ్మలు గీయించుకోవడం అన్ని చోట్లా ఉన్నదే. గానుగవాడి ముందు కూర్చుని అతని పనిని తప్పు లేకుండా గీసిన వాళ్ళు తక్కువ. ఈ ఒక్క కారణం చేత కోంతే మీద నాకున్న కోపం సగం తగ్గింది. మిగిలిన సగం అలాగే ఉంది, ఎందుకంటే ఆ కత్తులు కూడా ఆయన కర్మాగారంలోవే.

1801లో ఫ్రెంచివారు ఆంగ్లేయులకీ తుర్కులకీ లొంగిపోయి ఈజిప్టు వదిలారు. అప్పటి వాళ్ళ సేనాని మెనూ, ఇస్లాం పుచ్చుకుని అబ్దుల్లా పేరు పెట్టుకుని, రషీదు పట్నపు పిల్ల జుబైదాని నికాహ్ చేసుకున్నవాడు. పండితుల కాగితాలు, బొమ్మలు కూడా తమకే అప్పగించాలని ఆంగ్లేయులు పట్టుబట్టారు. ఇవ్వడం కన్నా తగలబెట్టుకుంటామని పండితులు ఎదురు తిరిగితే, చివరికి వాటిని పట్టుకుపోనిచ్చారు. అలా కోంతే గీసిన కైరో పనివాళ్ళు పారిస్ చేరారు.

పారిస్ లో ఆ బొమ్మలన్నిటినీ పెద్ద గ్రంథంగా అచ్చు వేసే బాధ్యత కోంతే మీద పడింది. రాగిరేకు మీద చేత్తో చెక్కి అచ్చు తీయాలి. కట్టడాల వెనుక ఆకాశం ఒక్కటే నెలల తరబడి పట్టేది, ఎందుకంటే పైన ముదురుగా మొదలై కిందికి లేతబడే వందల గీతలు తేడా రాకుండా చెక్కాలి. దీనికీ ఆయన ఒక యంత్రం చేశాడు. గీతకీ గీతకీ మధ్య ఎడం దానంతట అదే మారుతూ, ముదురు నుంచి లేతకి జారుతుంది. నెలల పని రోజుల్లోకి వచ్చింది. పెన్సిలులో మట్టి పాలు మార్చి సాధించినదానినే ఇక్కడ ఇనుముతో సాధించాడన్నమాట.

పెన్సిలు కర్మాగారం కుటుంబం చేతిలోనే ఉండి, ఆయన తరువాత అల్లుడు ఉంబ్లో నడిపాడు. ఆ పేరు ఎంత నిలిచిందంటే 1979లో బాల్ పెన్నుల బిక్ కంపెనీ కొనుక్కునేదాకా కోంతే కంపెనీ కోంతే కంపెనీగానే నడిచింది. మన దేశంలో నటరాజ్, అప్సర పెన్సిళ్ళు చేసే హిందుస్థాన్ పెన్సిల్స్ 1958లో బొంబాయిలో మొదలైంది. మన పిల్లలు చెక్కే ఆ పెన్సిలు చెక్క చాలా మటుకు కాశ్మీరులో పుల్వామా జిల్లా ఉఖూ గ్రామం వైపు నుంచి వస్తుంది. పెన్సిలుతో మన తెలుగువాడు ఏం చేయగలడో చూడాలంటే రాజమండ్రి వెళ్ళి దామెర్ల రామారావు చిత్రశాలలో ఆయన పెన్సిలు బొమ్మలు చూడాలి. 1897లో పుట్టి 1925లో మశూచికంతో పోయాడాయన. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు.

కోంతే కూడా ముసలితనం చూడలేదు. ఈజిప్టు నుంచి వచ్చాక భార్య చనిపోయింది, ఆ దిగులు నుంచి ఆయన తేరుకోలేదు. 1805 డిసెంబరు 6న యాభయ్యో ఏట పారిస్ లో కన్నుమూశాడు. ఆయన కష్టపడిన గ్రంథం తొలి భాగాలు 1809లో గాని రాలేదు. కైరో నేతగాడు, కుమ్మరి, గానుగవాడు అచ్చులో ఎలా వచ్చారో ఆయన చూసుకోలేదు.

మా మేనకోడలు నానాగారి బొమ్మ మూడోసారి వేసింది. ఈసారి లేత గోధుమ రంగు కాగితం మీద, గెడ్డం ఆఖరున. కళ్ళు ఇంకా సరిగ్గా కుదరలేదంటుంది. మా అమ్మ మాత్రం దానిని తన దువా కితాబు మధ్య పెట్టుకుంది, గోడకి పెట్టనివ్వలేదు.